సినిమా జపమాల

మా అమ్మకి రెండు జపమాలలు ఉండేవి. ఒకటి ఇంట్లోది, పెద్దది, నల్ల చెక్కపూసలది. రెండోది సినిమాలది. అది పది పూసల బుల్లి దండ, పర్సులో చిల్లర అరలో పడుండేది.

"పెద్దది పట్టుకుని దయ్యం సినిమాకి పోతే మరియతల్లికి మర్యాదగా ఉండదే. ఇదయితే గుప్పిట్లో ఇమిడిపోయిద్ది. ఆ తల్లి కూడా చూడనట్టే ఊరుకుంటది" అనేది.

ఆవిడకి అంత దాపరికం ఎందుకంటే, మా నాన్న శౌరయ్య చల్లపల్లి దగ్గర మా ఊళ్ళో ఉపదేశి. ఫాదర్ గారు రాని ఆదివారాల్లో గుడిలో ప్రార్థన నడిపించేది ఆయనే. పిల్లలకి జపాలు నేర్పేదీ, పోయినవాళ్ళని సమాధి దాకా సాగనంపేదీ ఆయనే. దయ్యం సినిమా చూడడమంటే సాతానుకి పీట వేసి కూర్చోబెట్టడమేనని ఏడాదికి ఒక్కసారైనా గట్టిగా చెప్పేవాడు. ముందు వరసలో కూర్చుని అందరికంటే ముందు తలూపేది మా అమ్మ సంపూర్ణమ్మ. ఆ శుక్రవారమే కళ్ళు మసకలు కమ్ముతున్నాయని బస్సెక్కి పటమటలో మా ఇంటికి వచ్చేసేది. మా అమ్మ కళ్ళకి జరిగినన్ని పరీక్షలు సర్కారు ఉద్యోగాల కోసం చదివేవాళ్ళకి కూడా జరిగి ఉండవు.

థియేటర్లో ఆవిడ పక్కన కూర్చోవడం ఒక శిక్ష. తెర మీద తలుపు కిర్రుమంటే చాలు, ఎడమ చేత్తో నా మణికట్టు పట్టుకునేది, కుడి చేత్తో సిలువ గుర్తు వేసుకునేది. దయ్యం ముందుకి ఎవరైనా సిలువ పట్టుకుని వస్తే మాత్రం సొంత తమ్ముడు తెర మీద కనబడినట్టు నిటారుగా కూర్చునేది. పుర్రెలూ నిమ్మకాయలూ ముగ్గులూ ఉన్న సినిమా అయితే హాయిగా కునుకు తీసేది.

మా ఆయన జయకృష్ణది సరిగ్గా తిరగేసిన లెక్క. వాళ్ళది చల్లపల్లి, వ్యవసాయ కుటుంబం. ఒకే ఆఫీసులో పనిచేస్తూ ఇష్టపడి పెళ్ళి చేసుకున్నాం. కొండ మీద బంగళాలో ఫాదర్లు దయ్యాన్ని వదిలిస్తుంటే పాప్‌కార్న్ నముల్తూ చూస్తాడు. అదే నాలుగు రోడ్ల కూడలిలో పసుపూ కుంకుమా, పిండిబొమ్మా కనబడ్డాయా, నోటి దాకా వచ్చిన పాప్‌కార్న్ అక్కడే ఆగిపోతుంది. మర్నాడు పొద్దున్నే దుర్గమ్మ కొండెక్కి వస్తాడు. అడిగితే, ఊరికే వెళ్ళాలనిపించింది అంటాడు.

"మా దయ్యాలంటే అల్లుడుగారికి లెక్కలేదు. వాళ్ళ దయ్యాలంటే నాకు లెక్కలేదు. నువ్వే తల్లీ, రెండిళ్ళదానివి, రెండిటికీ హడిలి చస్తావు" అని అమ్మ నవ్వేది.

ఆవిడ దగ్గర ఇంకో రెండు మాటలుండేవి. ఒకటి, నమ్మకం లేనివాడు దయ్యం సినిమాకి పోవడం పడిశం పట్టినవాడు పూలకొట్టుకి పోవడం లాంటిదని. రెండోది, ఎంత భయమేసినా సినిమా మధ్యలో లేవకూడదని. దయ్యం పీడ విరగడయ్యేదాకా కూర్చుని చూడాలట. మధ్యలో లేచామో, అది దారి తెలియక మన వెంటే ఇంటికొచ్చేస్తుందట. ఒకసారి కరెంటు పోయి ఆట ఆగిపోతే, డబ్బులు వెనక్కిస్తామన్నా కదలక, మళ్ళీ మొదలయ్యేదాకా నన్ను కూర్చోబెట్టింది.

అలాంటి అమ్మ ఈ ఏడాది నాట్ల రోజుల్లో పోయింది. మధ్యాహ్నం అన్నం తిని, గుండెలో పట్టేసినట్టుందని మంచం మీద ఒరిగింది. మేం పటమట నుంచి వెళ్ళేసరికి పెద్ద జపమాల చేతులకి చుట్టేశారు. చిన్నది పర్సులోనే ఉండిపోయింది. ఆ పర్సు నేను తెచ్చుకున్నాను. నాన్నని కూడా తెచ్చుకున్నాం.

దసరాకి ఒక దయ్యం సినిమా వచ్చింది. ఇంట్లో ఒకరి మొహం ఒకళ్ళం చూసుకోలేక తిరుగుతున్నామని జయకృష్ణ నన్ను బలవంతాన బయల్దేరదీశాడు. పాడుబడ్డ చర్చి, దాని వెనక సమాధులు, సగంలో ఒక పిల్ల మంచం మీంచి గాల్లోకి లేవడం. అమ్మ ఉంటే నా చెయ్యి విరిగేది.

నాకు భయమెయ్యలేదు.

హాలంతా కెవ్వుమంటోంది. వెనక సీటులో ఎవరో అమ్మాయి ఏడుస్తూ నవ్వుతోంది. నేను మాత్రం ఆ పిల్ల మెడకి వేసిన రంగు మొహానికి వేసినదానితో కలవలేదని గమనిస్తున్నాను. మంచం కింద ఏదో పెట్టి లేపి ఉంటారని అనుకుంటున్నాను. నా చెయ్యి నుదుటి దాకా వెళ్ళనే లేదు. మొదట నవ్వొచ్చింది, పెద్దదాన్నైపోయానని. బయటికి వచ్చి మెట్లు దిగుతుంటే అసలు సంగతి తట్టింది.

చిన్నప్పటి నుంచి నాకు దయ్యాన్నీ దేవదూతల్నీ ఒకే నోటితో చెప్పారు. నరకం కింద, మోక్షం పైన, పోయినవాళ్ళు ఆ రెంటి మధ్యన మన ప్రార్థనల కోసం కాచుక్కూర్చుని ఉంటారని నేర్పింది మా నాన్నే. ఆ ఇంట్లో ఒక గది లేదంటే పక్క గదీ ఉండదు. దయ్యం లేకపోతే పోయె, పీడా పోయింది. కానీ అది పోతూ పోతూ అమ్మని కూడా పట్టుకుపోయింది. మరియమ్మ పక్కనో, ఆవిడ వాకిట్లోనో ఎక్కడో అక్కడ ఉందనుకున్న మనిషి ఇప్పుడు ఎక్కడా లేదు.

ఆ రోజు నుంచి భయం కోసం వెతకడం మొదలుపెట్టాను. ఊళ్ళో ఆడుతున్న దయ్యం సినిమాలన్నీ చూశాను. తమిళం నుంచి వచ్చినవీ, మలయాళం నుంచి వచ్చినవీ ఫోన్లో చూశాను. వంటింట్లో పప్పు ఉడుకుతుంటే చెవుల్లో ఎవరో దయ్యప్పిల్ల అరుస్తూ ఉండేది. నేను విజిల్స్ లెక్కపెట్టుకునేదాన్ని.

జయకృష్ణ కొన్నాళ్ళు చూసి ఊరుకున్నాడు. ఒకరోజు టీ తాగుతూ అడిగేశాడు.

"ఎవరన్నా భయం పోవాలని తాయెత్తు కట్టించుకుంటారు. నువ్వేంటి కృపా, భయం రావాలని టిక్కెట్లు కొంటున్నావు?"

"రావట్లేదు జయా."

"మంచిదే కదా."

"మంచిది కాదు. భయం లేదంటే నమ్మకం లేదు. నమ్మకం లేదంటే మా అమ్మ లేదు."

గ్లాసు కింద పెట్టేశాడు. వాడికి మాటలు వెతుక్కోవడం రాదు. "నాకివన్నీ తెలీదు గానీ, కొండమీద చెప్పులు విడవగానే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తది. అది నేను తెచ్చుకుంటే వచ్చేది కాదు. ఎప్పుడన్నా రాదు కూడా. మళ్ళీ వెళ్తా, అంతే" అన్నాడు. ఆ మాట నాకు ఓదార్పుగా లేదు, కానీ గుర్తుండిపోయింది.

ఆసరా చేసుకుందామంటే నాన్న ఉన్నాడు. ఊరందరికీ ధైర్యం చెప్పిన మనిషి, ఆయన నమ్మకం నీడన నాలుగు రోజులు కూర్చుంటే నాదీ తేరుకుంటుందని ఆశపడ్డాను. అక్టోబరంతా జపమాల మాసం. రోజూ సాయంత్రం మా హాల్లోనే నాన్న జపం చెప్పించేవాడు, నేను బదులు చెప్పేదాన్ని. మరియతల్లిని వేడుకునే మంగళవార్త జపం ఆయన నోట్లోంచి కుళాయి నీళ్ళలా వచ్చేస్తుండేది. చూపు మాత్రం బాల్కనీలో ఆరేసిన తువ్వాలు మీద ఉండేది. ఒక్కోసారి పదిసార్లు చెప్పాల్సినచోట లెక్క తప్పి పన్నెండు, పదమూడు చెప్పేవాడు. నలభై ఏళ్ళు ఊరికి జపం చెప్పిన మనిషి పూసలు మర్చిపోవడం నేనెప్పుడూ చూడలేదు. అయినా నేను ఎత్తి చూపలేదు.

నెలాఖరు దగ్గరపడుతుంటే సమాధుల పండగ మాట ఎత్తాను. నవంబరు రెండున మా వాళ్ళం ఎక్కడున్నా ఊరికి చేరతాం. సమాధులకి సున్నాలు వేస్తాం, పూలు పెడతాం, పొద్దు వాలగానే కొవ్వొత్తులు వెలిగిస్తాం. అమ్మకిది మొదటి పండగ.

"ఒకరోజు ముందే వెళ్దాం నాన్నా. సిమెంటు చేశారు గానీ సున్నం వెయ్యలేదు కదా."

"మీరెళ్ళి రండమ్మా. నేను రాను."

"అదేంటి? నువ్వు రాకపోతే ప్రార్థన ఎవరు చెప్తారు?"

"ఎవరో ఒకళ్ళు చెప్తారు. అక్కడేముందమ్మా... మట్టి, సిమెంటు."

అంత మెల్లగా అన్నాడు గనకే గుచ్చుకుంది. గట్టిగా అని ఉంటే కోపమనుకుని సర్దుకునేదాన్ని. వీళ్ళు పోలేదు, నిద్రపోతున్నారు, లేస్తారు అని ఎన్ని గోతుల ముందు నిలబడి చెప్పిన గొంతు అది! మా ఇంట్లో ఇద్దరం ఒకే గోతిలో పడి, ఒకరికి తెలియకుండా ఒకరం పైకి చూస్తున్నామని అప్పుడర్థమైంది. నాకు నాన్న మీద జాలి వేసింది. అంతకంటే ఎక్కువగా నా మీద నాకే వేసింది.

రెండు రోజులు ముసురు పట్టింది. మూడోరోజు మధ్యాహ్నం నేను సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. నాన్న లాల్చీ వేసుకుని, తల దువ్వుకుని హాల్లోకి వచ్చాడు.

"కృపా, ఆ సినిమా ఇంకా ఆడుతుందా?"

"ఏ సినిమా నాన్నా?"

"దయ్యం సినిమా. ఏదైనా పర్లేదు."

నేను వింతగా చూశాను. ఆయన కిటికీలోంచి వాన వైపు చూస్తూ, "మీ అమ్మ చిన్న జపమాల నీ దగ్గరే ఉందా? అది కూడా తీసుకో" అన్నాడు.

ఆటోలో బెంజ్ సర్కిల్ దగ్గర ఇరుక్కుపోయాం. వాన నీళ్ళు, ఫ్లైఓవర్ కింద హారన్లు. ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"అమ్మ సినిమాల సంగతి నీకెప్పుడు తెలిసింది నాన్నా?"

"తెలియకపోవడమేంటమ్మా. సినిమా చూసొచ్చిన రోజు దీపం ఆర్పనిచ్చేది కాదు మీ అమ్మ. తెల్లార్లూ నా చెయ్యి పట్టుకుని పడుకునేది. ఇదిగో, ఇక్కడ." మణికట్టు చూపించాడు. "మామూలు రోజుల్లో మంచానికి ఆ చివర మనిషి. దగ్గరికి రమ్మంటే ఈ వయసులో సిగ్గులేదా అనేది."

"మరి గుడిలో అంత గట్టిగా తిట్టేవాడివి?"

"తిట్టాలి కదమ్మా, ఉపదేశిని." మీసాల్లో చిన్నగా నవ్వు కదిలింది. నాలుగు నెలల్లో మొదటిసారి. "ఎక్కడికెళ్ళావని మాత్రం ఎప్పుడూ అడగలేదు. అడిగితే మానేస్తదని."

ఆటో ముందుకి కదిలింది. నేను అటు తిరిగి వాన చూస్తున్నట్టు నటించాను. సాతానుకి పీట వెయ్యొద్దని చెప్పిన మా నాన్న, శుక్రవారం బస్సెక్కిన పెళ్ళాం భయపడి రావాలని ఎదురుచూస్తూ ఇన్నేళ్ళు బతికాడు. ఆ చెయ్యి కోసం. ఆ చెయ్యి ఇప్పుడు లేదు.

హాల్లో జనం పల్చగా ఉన్నారు, కాలేజీ పిల్లలే ఎక్కువ. కూర్చోగానే నాన్న చెయ్యి చాపితే చిన్న జపమాల ఇచ్చాను. సినిమాలో ఒకాయనకి భార్య పోయింది. ఆయన ఒక్కడే ఇంట్లో ఉంటాడు. విరామం తర్వాత కాసేపటికి, బయట హోరున వాన, ఎవరో తలుపు తడతారు. లోపల ఆయన గడియ మీద చెయ్యి వేసి నిలబడతాడు. మళ్ళీ తడతారు. పేరు పెట్టి పిలుస్తారు, పోయిన భార్య గొంతుతో.

"తియ్యమాక రా! తీశావంటే పోతావు!" కాలేజీ పిల్లలు కేకలు పెడుతున్నారు.

నా మణికట్టు మీద చెయ్యి పడింది. జపమాల పూసలతో సహా బిగుసుకుంది. నాన్న సీటు అంచుకి జరిగి కూర్చున్నాడు. చెయ్యి వణుకుతోంది. పెదాలు కదులుతున్నాయి. జపం అనుకుని చెవి దగ్గరపెట్టాను.

"తియ్యమనమ్మా" అంటున్నాడు. "తియ్యమను. వానలో నిలబడుంది."

తెర మీద తలుపు తెరుచుకుంది. తెల్లటి మొహం, కోరలు, చెవులు చిల్లులు పడే చప్పుడు. హాలంతా ఒక్కసారి కెవ్వుమంది. నాన్న కళ్ళు మూసుకున్నాడు. పట్టు మెల్లగా సడలింది.

"కాదులే" అన్నాడు.

"ఏంటి నాన్నా?"

"మీ అమ్మ కాదు."

నాకప్పటికీ భయం లేదు. ఆయనకి మాత్రం ఉంది. ఆ తలుపు అవతల నిజంగా ఒకరు ఉండగలరని నమ్మినవాడికి తప్ప చెయ్యి అలా వణకదు. మట్టి, సిమెంటు అన్న మనిషి చెయ్యి అది.

తెర మీద దయ్యం ఇంకా ఇల్లంతా తిరుగుతోంది. నాన్న లేచి నిలబడ్డాడు.

"పదమ్మా, వెళ్దాం."

"ఇంకా అవలేదు నాన్నా. అమ్మ మధ్యలో లేవనిచ్చేది కాదు. మధ్యలో లేస్తే..."

"తెలుసులే. వెంట వచ్చిద్దనేది." జపమాల జేబులో వేసుకున్నాడు. "అందుకే లెమ్మంటున్నా."

మేమిద్దరం చీకట్లో అందరి మోకాళ్ళూ తప్పించుకుంటూ బయటికి వచ్చాం. వాన తగ్గింది. నాన్న గేటు దగ్గర ఒకసారి ఆగాడు, ఎవరికో దారి ఇస్తున్నట్టు. ఆ తర్వాత ఆటో ఎక్కాడు. పటమట మలుపులో రంగుల కొట్టు కనబడగానే ఆటో ఆపమన్నాడు.

"సున్నం తీసుకుందాం. కుంచె కూడా. పాత కుంచెలు బాగా పట్టవు" అన్నాడు.

పండగనాడు పొద్దున్నే ఊరికి చేరాం. ముసురు విడిచి ఎండ కాసింది. దారిపొడుగునా వరి వెన్నులు తీస్తూ ఈనిక మీద ఉంది. సమాధుల తోటలో అప్పటికే తలా ఒక కుంచె పట్టుకుని ఉన్నారు. జయకృష్ణ గేటు బయట చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. మా వాళ్ళెవరూ అలా విడవరు. ఎవరో నవ్వబోతే నాన్న కళ్ళతోనే ఆపాడు. జయకృష్ణే అమ్మ సమాధికి మూడు పూతలు వేశాడు, మూలలు కూడా వదలకుండా.

పొద్దు వాలింది. కొవ్వొత్తులు వెలిగాయి. ఫాదర్ గారు ఇంకో ఊరి నుంచి రావాలి, ఆలస్యమవుతుందని కబురొచ్చింది. అందరూ ఉపదేశిగారి వైపు చూశారు. నాన్న ముందుకి వచ్చి ప్రార్థన మొదలుపెట్టాడు. వీళ్ళు నిద్రపోతున్నారు అన్నచోట గొంతు ఆగింది. ఆగి, మళ్ళీ అదే మాట అన్నాడు. ఈసారి ఊరికి చెబుతున్నట్టు లేదు, అడుగుతున్నట్టు ఉంది. నాకు ఆ గొంతు పాతదానికంటే ఎక్కువ నచ్చింది.

జనం ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. గాలికి కొవ్వొత్తులు ఆరుతున్నాయి. నాన్న సంచీలోంచి ఒక లాంతరు చిమ్నీ తీసి అమ్మ కొవ్వొత్తి మీద బోర్లించబోయాడు. ఊపిరాడక ఆరిపోతుందని జయకృష్ణ అడుగున చిన్న రాళ్ళు పెట్టి సందు చేశాడు. మంట నిలబడింది.

"సినిమా సగంలో ఆపి తీసుకొచ్చాం" అన్నాడు నాన్న సమాధి వైపు తిరిగి, మామూలుగా కబురు చెబుతున్నట్టు. నాతో మాత్రం, "చీకట్లో ఉండలేదమ్మా ఆవిడ" అన్నాడు.

కారు రోడ్డు మీద ఉంది. తియ్యడానికి జయకృష్ణ ముందు వెళ్ళాడు. నేనూ నాన్నా సమాధుల మధ్య సన్నటి దారిలో నడుస్తున్నాం. సమాధుల తోట దాటేదాకా వెనక్కి తిరిగి చూడకూడదని మా ఊళ్ళో అంటారు. వెనక ఎండుటాకులు కదిలాయి. గాలి అనుకున్నాను. గాలి ఆగింది. ఆకులు మళ్ళీ కదిలాయి, సరిగ్గా మా నడక వేగంతోనే.

మెడ వెనక వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. వీపు మీద చల్లగా ఏదో పాకింది. చెయ్యి దానంతటదే నుదుటికి వెళ్ళి, గుండెకి వచ్చి, సిలువ గుర్తు పూర్తి చేసింది. నాకు భయమేసింది. చిన్నపిల్లలా, గుండె దడదడలాడేలా భయమేసింది. ఎన్ని సినిమాల్లో వెతికాను దీనికోసం! పరుగెత్తాలనీ ఉంది, ఆ దారి ఇంకా కాస్త పొడుగుంటే బాగుండుననీ ఉంది. వెనక్కి మాత్రం తిరగలేదు. తిరిగితే ఎవరూ ఉండరేమోనని.

చీకట్లో తడుముకుని నాన్న మణికట్టు గట్టిగా పట్టుకున్నాను. ఆయన నడక ఒక్క క్షణం ఆగింది. చెయ్యి అలాగే ఉంచాడు, ఏమిటమ్మా అనలేదు. అడిగితే వదిలేస్తాననుకున్నాడు కాబోలు.